విమాన సరకు రవాణా: బొగ్గు నేలకు ఎంత దూరం, ఎంత దగ్గర?

(ప్రత్యేక వ్యాసం)

కాసిపేట, మంచిర్యాల జిల్లా:

సరకు రవాణా అనగానే కాసిపేట మండల ప్రజలకు ముందుగా స్ఫురించేది బరువు. ఇక్కడి గనుల్లో వెలికితీసే బొగ్గయినా, దేవాపూర్ కర్మాగారంలో 1982 నుంచి తయారవుతున్న సిమెంటయినా టన్నుల్లోనే లెక్కకు వస్తుంది. లారీల్లోనో, రైలు వ్యాగన్లలోనో తరలిపోతుంది. 1920లో కంపెనీగా నమోదైన సింగరేణి కాలరీస్ సంస్థ 2023-24 ఆర్థిక సంవత్సరంలో 7 కోట్ల టన్నుల బొగ్గును ఉత్పత్తి చేసింది. ఆ బొగ్గులో ఒక్క కిలో కూడా విమానం ఎక్కవలసిన అవసరం లేదు. శంషాబాద్ విమానాశ్రయానికి సుమారు 280 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ప్రాంతానికి విమాన సరకు రవాణాతో పనేమిటన్న ప్రశ్న అందుచేత సహజమే.

అయితే 2021లో రాష్ట్రానికి తొలి విడత కోవిషీల్డ్ టీకా చేరింది విమానంలోనే. అదే సంవత్సరం ఆసుపత్రుల్లో ప్రాణవాయువు కొరత ఏర్పడినప్పుడు రోజులను గంటలుగా కుదించింది కూడా విమానమే. పొట్టకూటికి గల్ఫ్ దేశాలకు వెళ్లి అక్కడే కన్నుమూసిన కార్మికుని భౌతికకాయం స్వగ్రామానికి చేరేదీ ఈ మార్గంలోనే. విమానం మోసేది బరువును కాదు, సమయాన్ని అన్న విషయం ఈ ఉదంతాలను పరిశీలిస్తే బోధపడుతుంది.

ఒక వ్యాగన్ బరువు

బొగ్గు రవాణా చేసే ఒక గూడ్సు రైలుకు సాధారణంగా 58 లేదా 59 వ్యాగన్లు ఉంటాయి. ఒక్కొక్క వ్యాగన్‌లో దాదాపు 60 టన్నుల చొప్పున ఒక రైలు మూడున్నర వేల టన్నులకు పైగా మోస్తుంది. ప్రపంచంలో విరివిగా వాడుకలో ఉన్న పెద్ద సరకు విమానాలలో ఒకటైన బోయింగ్ 747-400 రకం మోయగలిగేది సుమారు 110 టన్నులు. అంటే మందమర్రి మీదుగా సాగిపోయే ఒకే ఒక్క బొగ్గు రైలుకు బదులుగా ముప్పైకి పైగా భారీ విమానాలు బారులు తీరవలసి ఉంటుంది. కిలో బొగ్గు విలువ కొద్ది రూపాయలు మాత్రమే కాగా, దానిని విమానంలో పంపడానికయ్యే కిరాయి అంతకు ఎన్నో రెట్లు. ఈ లెక్క తెలిసిన వారెవరూ బొగ్గును ఆకాశమార్గాన పంపే ఆలోచన చేయరు.

ఇప్పుడు ఇదే బరువును మరొక కోణం నుంచి చూడవచ్చు. 2021 జూన్ 1వ తేదీ తెల్లవారుజామున రష్యా నుంచి ఒక ప్రత్యేక సరకు విమానం శంషాబాద్‌లో దిగింది. అందులో వచ్చినవి సుమారు 30 లక్షల స్పుత్నిక్-వి టీకా డోసులు. ప్యాకింగ్‌తో కలిపి వాటి మొత్తం బరువు 56.6 టన్నులు. అప్పటివరకు దేశంలోకి దిగుమతి అయిన టీకాల సరకులలో అదే అతి పెద్దది. బరువులో చూస్తే అది ఒక్క బొగ్గు వ్యాగన్‌కు కూడా సరిపోదు. 30 లక్షల డోసులను మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద నిల్వ ఉంచుతూ, ఓడలో వారాల తరబడి తీసుకురావడానికి ఆనాడు వ్యవధి లేదు.

ప్రపంచ వాణిజ్యంలో విమానాల ద్వారా సాగే సరకు పరిమాణంలో ఒక శాతం లోపే. విలువలో మాత్రం దాదాపు మూడింట ఒక వంతు. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం ఏళ్లుగా చెబుతూ వస్తున్న ఈ లెక్కకు కారణం ఇదే. ఔషధాలు, ఎలక్ట్రానిక్ భాగాలు, కోసిన పూలు, అత్యవసర యంత్ర భాగాలు వంటివి గంట గంటకూ విలువ కోల్పోయేవి, లేదా ఆలస్యమైతే మరింత నష్టం తెచ్చేవి. మంచిర్యాల జిల్లా మామిడి నాగపూర్ మార్కెట్‌కు లారీలోనే వెళుతున్నది. ఒక రాత్రి ప్రయాణానికి విమానం కిరాయి పెట్టడం రైతుకు గిట్టుబాటు కాదు, అవసరమూ కాదు.

విమానంలో సరకు పంపడం కొత్త ఆలోచన కాదు. అమెరికాలో 1910 నవంబరులో డేటన్ నుంచి కొలంబస్ నగరానికి ఒక వ్యాపారి పట్టుబట్టల మూటలను విమానంలో తెప్పించుకున్నాడు. మన దేశంలో 1911 ఫిబ్రవరి 18న అలహాబాద్ నుంచి నైనీకి సుమారు 6,500 ఉత్తరాలతో ఎగిరిన విమానం ప్రపంచంలోనే తొలి అధికారిక విమాన తపాలాగా చరిత్రకెక్కింది. దూరం పది కిలోమీటర్లు కూడా లేదు. ఎడ్లబండి మీద పంపినా ఆ ఉత్తరాలు అదే రోజు చేరేవి.

సరకు ఎలా ప్రయాణిస్తుంది

విమాన సరకులో గణనీయమైన భాగం ప్రత్యేక సరకు విమానాల్లో కాక, ప్రయాణికుల విమానాల్లోనే వెళుతుంది. పైన ప్రయాణికులు కూర్చుంటే, వారి కాళ్ల కింద ఉండే అరలో సామాన్లతో పాటు ఈ సరకును కూడా చేరుస్తారు. 2020లో కరోనా కారణంగా ప్రయాణికుల విమానాలు నిలిచిపోయినప్పుడు ప్రపంచమంతటా సరకు కిరాయిలు ఒక్కసారిగా పెరిగిపోవడానికి ఇదే ముఖ్య కారణం.

పంపదలచిన సరకును ఏజెంటు ద్వారా కార్గో టెర్మినల్‌కు చేరుస్తారు. అక్కడ తూకం, కొలతలు, భద్రతా తనిఖీ, విదేశాలకైతే కస్టమ్స్ అనుమతి పూర్తవుతాయి. తరువాత విమానం ఆకారానికి తగినట్లు తయారుచేసిన కంటైనర్లలో గాని, చదునైన లోహపు పలకలపై గాని సరకును పేర్చి వలతో బిగిస్తారు. ఈ ప్రక్రియకు పట్టే సమయం ఆకాశంలో ప్రయాణించే సమయం కన్నా ఎక్కువ కావడం సర్వసాధారణం. విమానం రెండు గంటల్లో చేరుతుంది కదా అని సరకు కూడా రెండు గంటల్లో చేతికి వస్తుందనుకోవడం పొరపాటు.

ప్రతి సరకుకూ ఎయిర్‌వే బిల్లు అనే పత్రం ఉంటుంది. దానిపై 11 అంకెల సంఖ్య ముద్రితమై ఉంటుంది. మొదటి మూడు అంకెలు విమానయాన సంస్థను, తరువాతి ఏడు ఆ సరకును సూచిస్తాయి. చిట్టచివరి అంకె సరిచూసుకోవడానికి ఉద్దేశించినది: మధ్యనున్న ఏడంకెల సంఖ్యను 7తో భాగిస్తే మిగిలే శేషమే ఆ అంకె. ఉదాహరణకు ఆ సంఖ్య 1234567 అయితే శేషం 5. కాబట్టి బిల్లుపై 12345675 అని ఉండాలి. ఫోనులో చెప్పిన సంఖ్యను తప్పుగా రాసుకున్నామేమోనన్న అనుమానం కలిగితే ఈ లెక్కతో ఇంటివద్దనే తేల్చుకోవచ్చు.

కిరాయి విషయంలో చాలామందికి తెలియని సంగతి మరొకటి ఉంది. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 6,000తో భాగిస్తే వచ్చే సంఖ్యను పరిమాణపు బరువుగా పరిగణిస్తారు. అసలు బరువు, ఈ బరువులలో ఏది ఎక్కువైతే దానికే కిరాయి పడుతుంది. 60, 50, 40 సెంటీమీటర్ల కొలతలు గల పెట్టెలో 8 కిలోల దుస్తులు మాత్రమే ఉన్నప్పటికీ 20 కిలోలకు చెల్లించవలసి ఉంటుంది. విమానంలో బరువు ఎంత విలువైనదో చోటు కూడా అంతే విలువైనది కావడం ఇందుకు కారణం.

నిషేధాల జాబితా పెద్దదే. గని కార్మికులకు పరిచయమున్న ఒక్క ఉదాహరణ చాలును. తలకు ధరించే క్యాప్‌ల్యాంపులలో ఇటీవలి కాలంలో లిథియం అయాన్ బ్యాటరీలు వచ్చాయి. ఇటువంటి బ్యాటరీలను విడిగా ప్రయాణికుల విమానాల్లో సరకుగా పంపడాన్ని 2016 ఏప్రిల్ 1 నుంచి అంతర్జాతీయంగా నిషేధించారు. ఒక బ్యాటరీ వేడెక్కి మండితే పక్కనున్న వాటికి అంటుకుని, ఆర్పడానికి వీలుకాని మంటగా మారుతుంది. బొగ్గు తనంతట తాను వేడెక్కి రాజుకోవడాన్ని ఎరిగిన సింగరేణి కార్మికులకు ఈ ప్రమాదం గురించి వివరించి చెప్పనక్కరలేదు.

టీకా, ప్రాణవాయువు

2021 జనవరి 12న పుణె నుంచి కోవిషీల్డ్ టీకా విమానంలో శంషాబాద్ చేరింది. అక్కడి నుంచి కోఠిలోని రాష్ట్ర టీకా నిల్వ కేంద్రానికి, ఆపై శీతల సదుపాయం గల వాహనాల్లో జిల్లాలకు తరలించి, జనవరి 16న దేశవ్యాప్తంగా టీకాల కార్యక్రమాన్ని ప్రారంభించారు. హైదరాబాద్‌లోనే తయారైన కోవాగ్జిన్‌కు రాష్ట్రంలో విమానం అవసరం లేకపోగా, జనవరి 13న అదే విమానాశ్రయం నుంచి ఢిల్లీ తదితర నగరాలకు ఎగుమతి అయింది. ఈ రెండు టీకాలనూ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. అంతకన్నా వేడెక్కినా, గడ్డకట్టినా పనికిరావు. అందువల్ల విమానం ఎంత వేగంగా వచ్చినప్పటికీ, చివరకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని రిఫ్రిజిరేటర్, ఆరోగ్య కార్యకర్త భుజాన వేసుకునే చిన్న టీకా పెట్టె సక్రమంగా ఉంటేనే ఆ వేగానికి సార్థకత. ఔషధ పరిశ్రమకు నెలవైన హైదరాబాద్‌లో మందుల కోసమే ఉష్ణోగ్రత నియంత్రణతో కూడిన ప్రత్యేక విభాగాన్ని శంషాబాద్ కార్గో టెర్మినల్‌లో నెలకొల్పడం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే.

ప్రాణవాయువు ఉదంతం మరింత ఆసక్తికరమైనది. 2021 ఏప్రిల్ 23న తెలంగాణ ప్రభుత్వం ఆక్సిజన్ ట్యాంకర్లను బేగంపేట నుంచి వైమానిక దళానికి చెందిన సి-17 విమానాల్లో భువనేశ్వర్‌కు పంపింది. ఆ ట్యాంకర్లు ఖాళీవి. నింపిన ట్యాంకర్లు రోడ్డు మీదుగా తిరిగి రావలసి ఉండగా, ఖాళీ వాటిని విమానంలో పంపడమేమిటని అప్పట్లో కొందరు ఆశ్చర్యపడిన మాట వాస్తవం. ద్రవరూప ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల వద్ద మరుగుతుంది. ప్రయాణంలో కొంత ఆవిరై బయటికి వస్తూనే ఉంటుంది. మూసి ఉన్న విమానంలో ఆక్సిజన్ పేరుకుంటే చిన్న నిప్పురవ్వ చాలును. కాబట్టి నిండు ట్యాంకర్ నేలమీదనే రావాలి. పోయేటప్పుడు మాత్రం ఆ ఇబ్బంది లేదు. రానుపోను ప్రయాణంలో ఒక వైపునైనా రోజులకు బదులు గంటలు పడితే, అదే ట్యాంకర్ మరొక విడత నింపుకుని రాగలుగుతుంది. కొరత ఉన్నది ఆక్సిజన్‌కు మాత్రమే కాదు, దానిని మోసే ట్యాంకర్లకు కూడా అని గ్రహించి తీసుకున్న నిర్ణయమది.

గని ప్రమాదాల్లో

మేఘాలయలోని తూర్పు జైంతియా కొండల జిల్లా క్సాన్ వద్ద 2018 డిసెంబరు 13న ఒక బొగ్గు గనిలోకి నీరు ముంచెత్తి 15 మంది కార్మికులు చిక్కుకుపోయారు. నీటిని తోడేందుకు ఒడిశా అగ్నిమాపక శాఖ పంపులను వైమానిక దళ విమానంలో భువనేశ్వర్ నుంచి గౌహతికి చేర్చింది డిసెంబరు 28న. అంటే పదిహేను రోజుల తరువాత. గౌహతి నుంచి గని వద్దకు మరో 200 కిలోమీటర్లకు పైగా కొండదారి. ఆ కార్మికుల్లో ఎవరూ ప్రాణాలతో బయటపడలేదు. విమానం ఆలస్యమే ఇందుకు కారణమనలేము. అయితే యంత్రం ఎక్కడ దొరుకుతుందో, ఎవరు అడగాలో, ఏ విమానం రావాలో తేల్చుకోవడంలో గడచిన రోజులను ఏ విమానమూ తిరిగి తేలేదు.

ఇందుకు భిన్నంగా, ఉత్తరాఖండ్‌లోని సిల్‌క్యారా సొరంగం 2023 నవంబరు 12న కూలి 41 మంది చిక్కుకున్నప్పుడు, మూడు రోజులకే ఢిల్లీ నుంచి భారీ డ్రిల్లింగ్ యంత్రం భాగాలను వైమానిక దళం చిన్యాలీసౌర్ అనే చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో దించింది. అక్కడి నుంచి సొరంగం సుమారు 30 కిలోమీటర్లు. నవంబరు 28న అందరూ క్షేమంగా బయటపడ్డారు. యంత్రం మొరాయించగా చివరి మీటర్లను చేతి పనిముట్లతో తవ్వినవారు బొగ్గు గనుల విద్య తెలిసిన కార్మికులే.

రామగుండం సమీపంలోని బసంత్‌నగర్ ఎయిర్‌స్ట్రిప్‌ను ఈ దృష్టితో చూడవలసి ఉంది. సిమెంటు కర్మాగారం అవసరాల కోసం ఏర్పడిన ఆ రన్‌వేపై 1980వ దశకంలో వాయుదూత్ సంస్థ చిన్న విమానాలు నడిపింది. తరువాత ఆ సేవలు నిలిచిపోయాయి. వరంగల్ వద్ద మామునూరు విమానాశ్రయానికి కేంద్రం, ఆదిలాబాద్‌లో పౌర విమానాశ్రయానికి వైమానిక దళం 2025లో సమ్మతి తెలిపాయి. ఇవి అందుబాటులోకి వచ్చినా అక్కడికి వచ్చే చిన్న విమానాల్లో సరకుకు దొరికే చోటు స్వల్పమే. వాటితో స్థానిక వ్యాపారమంతా మారిపోతుందన్న ప్రచారాన్ని అంతగా విశ్వసించనవసరం లేదు. గని ప్రాంతానికి రెండు గంటల దూరంలో ఒక రన్‌వే సిద్ధంగా ఉండటం వేరే విషయం. దాని విలువను రోజువారీ టన్నులతో లెక్కించలేము.

గల్ఫ్ నుంచి చివరి ప్రయాణం

జన్నారం, దండేపల్లి, లక్షెట్టిపేట మండలాలు మొదలుకొని జగిత్యాల, నిర్మల్, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల వరకు గల్ఫ్‌కు వలస వెళ్లని ఊరు అరుదు. విమాన సరకు రవాణా ఈ ప్రాంత కుటుంబాలకు నేరుగా ఎదురయ్యేది ఆ వలసలో సంభవించే మరణంతోనే. వినడానికి కష్టంగా ఉన్నా, భౌతికకాయం విమానంలో సరకుగానే నమోదవుతుంది. దానికీ ఎయిర్‌వే బిల్లు ఉంటుంది; బిల్లుపై హెచ్‌యూఎం అనే మూడక్షరాల సంకేతం రాస్తారు. శంషాబాద్‌లో కూడా కుటుంబసభ్యులు ప్రయాణికులు బయటికి వచ్చే ద్వారం వద్ద కాక, కార్గో టెర్మినల్ వద్ద వేచి ఉండాలి. ఈ సంగతి తెలియక రాత్రివేళ గంటల కొద్దీ తప్పుడు చోట నిలబడే కుటుంబాలున్నాయి.

ఒకప్పుడు శవపేటికను కూడా తూచి కిలోకు ఇంత చొప్పున వసూలు చేసేవారు. దీనిపై వచ్చిన తీవ్ర నిరసనల అనంతరం ఎయిరిండియా 2019 జనవరిలో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ నుంచి బరువుతో నిమిత్తం లేకుండా పెద్దలకు 1,500 దిర్హాములు, పన్నెండేళ్ల లోపు పిల్లలకు 750 దిర్హాముల స్థిర ధరను ప్రకటించింది. మనిషిని తూకం వేయరాదన్న న్యాయమైన కోరికకు దక్కిన ఫలితమది.

ఆలస్యానికి మూలం సాధారణంగా విమానం కాదు, పత్రాలు. ఆ దేశపు మరణ ధ్రువీకరణ పత్రం, అసహజ మరణమైతే పోలీసు అనుమతి, భారత రాయబార కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు, దేహాన్ని రసాయనాలతో భద్రపరచినట్లు ధ్రువీకరణ సిద్ధమైన తరువాతే విమానయాన సంస్థ చోటు కేటాయిస్తుంది. మన విమానాశ్రయంలోని ఆరోగ్య అధికారి అనుమతి కూడా ముందుగా తీసుకోవాలి. ఇందుకోసం కేంద్ర ఆరోగ్య శాఖ 2023 ఆగస్టులో ఈ-కేర్ పోర్టల్‌ను ప్రారంభించింది.

ఖర్చు విషయానికి వస్తే, సౌదీ కార్మిక చట్టం ప్రకారం భౌతికకాయాన్ని స్వదేశానికి పంపే వ్యయాన్ని యజమాని భరించాలి. యజమాని లేని, లేదా ముఖం చాటేసిన సందర్భాల్లో అర్హులైన వారికి భారత రాయబార కార్యాలయాలు 2009లో ఏర్పాటైన ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి నుంచి సహాయం అందిస్తాయి. శంషాబాద్ నుంచి స్వగ్రామం వరకు ఉచిత అంబులెన్సును కోరేందుకు రాష్ట్ర ప్రభుత్వ ప్రవాస భారతీయుల విభాగాన్ని సంప్రదించవచ్చు. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా చెల్లించేందుకు ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఉత్తర్వులు జారీ చేసింది. దరఖాస్తును జిల్లా కలెక్టర్‌కు సమర్పించాలి.

గల్ఫ్‌కు వెళ్లే ప్రతి ఒక్కరూ పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగ ఒప్పందం నకళ్లను, యజమాని పేరు, ఫోను నంబరును ఇంటివద్ద ఉంచి వెళ్లడం అవసరం. చిరునామాలో ఊరు, మండలం, జిల్లా, పిన్‌కోడ్ స్పష్టంగా ఉండాలి. ముఖ్యంగా ఈ మండల వాసులు ఊరి పేరును జాగ్రత్తగా రాయించుకోవాలి. ఇంగ్లీషు అక్షరాల్లో కాసిపేటకూ, వరంగల్ పక్కనున్న రైల్వే కూడలి కాజీపేటకూ తేడా ఒక్క అక్షరమే. శంషాబాద్ నుంచి అర్ధరాత్రి బయలుదేరే అంబులెన్సు డ్రైవరుకు ఆ ఒక్క అక్షరమే దారి చూపాలి.